దొనల్లో నాయన దగ్గని రోజు

ఆదోని వైపు ఈత కొట్టడానికి ఏముందని అడిగే వాళ్లకు నేను దొనలని చెబుతాను. గుట్టల్లో బండల నడుమ వాన నీళ్లు నిలిచే గుంటలను మా వైపు అలా అంటారు. నేను వాటిని చూసింది ఒక్కసారే, డెబ్బైల చివర్లో. మా నాయన పత్తి జిన్నింగు మిల్లులో పనిచేసేవాడు. దూది దుమ్ము పీల్చీ పీల్చీ ఆయనకు దగ్గు పట్టుకుంది. ఎన్ని మందులు మింగినా తగ్గకపోయేసరికి అమ్మ ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంది. శ్రావణంలో జాతర జనాన్ని నాయన తట్టుకోలేడని, ఆ రద్దీ తగ్గాక భాద్రపదంలో ఒక సోమవారం అమ్మానాయనలు, నేను, చెల్లెలు బయలుదేరాం.

తీరా బస్టాండుకు వచ్చాక నాయన మమ్మల్ని ఎమ్మిగనూరు బస్సెక్కించాడు. "ఇది ఉరుకుందకు పోయే బస్సు కాదు గదా," అంది అమ్మ.

"తెల్సులేవే. నేను ఈత నేర్సిన దొనలు పిల్లోల్లకు సూపిచ్చాల. ఈరన్న యాడికీ పోడు."

టికెట్టు రూపాయి లోపే. దిగేదాకా అరగంట పాటు అమ్మ టెంకాయ సంచి ఒళ్లో పెట్టుకుని మూతి ముడుచుకునే కూర్చుంది. రోడ్డు మీద దిగి, సీతాఫలం తుప్పల మధ్య కాలిబాటన గుట్ట ఎక్కాలి. మామూలు వాళ్లకు గంట నడక. నాయన బండ కనిపించినచోటల్లా కూర్చోవడంతో మాకు దాదాపు మధ్యాహ్నమైంది. దారిలో ఒక గొర్రెల కాపరి ఎదురైతే నీళ్లున్నాయా అని నాయన అడిగాడు.

"నిండుగా ఉండాయన్నా. పిల్లోల్లను పై దొనలోనే దింపు. కిందిది శానా లోతు," అన్నాడతను.

పై దొనలో అడుగున గులకరాళ్లు కనిపించేంత తేటగా ఉన్నాయి నీళ్లు. నాయన చొక్కా విప్పితే పక్కటెముకలన్నీ బయటపడ్డాయి. అంత చిక్కిపోయాడని నాకప్పటిదాకా తెలియదు. ఏడుపొచ్చింది.

"సల్లనీళ్లు. ఊపిరి పట్టేస్తాది, దిగొద్దు," అని అమ్మ బతిమాలింది. ఆయన వినకుండా దిగి, నా కడుపు కింద అరచెయ్యి పెట్టి ఈత నేర్పాడు. నేను నీళ్లు మింగినప్పుడల్లా పెద్దగా నవ్వాడు. తర్వాత జొన్నరొట్టె, చెనక్కాయల పొడి తిన్నాం. ఆయన రెండు రొట్టెలు తినడం చూసి ఎన్నాళ్లయిందో.

"దొనలో దిగినప్పట్నించి మీ నాయన ఒక్కసారన్నా దగ్గినాడా?" అని అమ్మ నన్ను మెల్లగా అడిగింది. లేదన్నాను. అమ్మ లేచి, ఈరన్నకని తెచ్చిన టెంకాయను ఆ నీళ్ల ఒడ్డునే కొట్టి దండం పెట్టుకుంది.

దుమ్ము లేని గాలిలో ఒక పూట గడిపితే ఆయన ఊపిరి కాస్త తెరిపిన పడిందని ఇప్పుడు నేననుకుంటాను. అమ్మ మాత్రం అది ఆ నీళ్ల మహిమే అనుకుంది. మర్నాడు నాయన మిల్లుకు పోయాడు, దగ్గు మళ్లీ మొదలైంది. చలికాలంలో మంచం పట్టాడు. మాఘంలో అమ్మ బిందె పట్టుకుని ఒక్కతే దొనలకు పోయి, పొద్దు గూకే వేళకు తిరిగొచ్చింది. బిందె అడుగున చెంబెడు బురద నీళ్లున్నాయి. "అంతా ఎండిపోయింది. సెరగుతో వడగట్టి ఇంత తెచ్చినా," అంటూ చీర కొంగు చూపించింది. కొంగంతా మట్టి. ఆ నీళ్లలో తువ్వాలు తడిపి నాయన ఛాతీ మీద పరిచింది.

"సల్లగుందే," అన్నాడాయన, ఆమెను నొప్పించలేక. వారం తిరక్కుండానే పోయాడు.

"నీళ్లున్నప్పుడే ఇంగోసారి పిల్సకపోయింటే మనిసి దక్కేటోడు," అని అమ్మ బతికినన్నాళ్లూ అనుకుంటూనే ఉంది. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. దూది దుమ్ముకు ఏ నీళ్లూ మందు కావని చెబితే ఆమెకు ఇంకేం మిగులుతుంది? ఈత అంటే నాకిప్పటికీ ఇష్టమే. నీళ్లలో తేలినప్పుడల్లా ఆ అరచెయ్యి కోసం వెతుక్కుంటాను.

మీరూ వెళ్లాలనుకుంటే వానలు వెలిసిన వెంటనే, భాద్రపదంలోనో ఆశ్వయుజంలోనో వెళ్లండి. మాఘంలో మాత్రం పోకండి. అక్కడ నీళ్లుండవు.