తొమ్మిదో మెట్టు కింద గాజుపట్టీ

బందరు బస్టాండులో ఉదయం ఎనిమిదీ పదికి బెజవాడ బస్సెక్కాను. నేను పిరికిదాన్ని. ఆ మాట ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు సుఖం. లిఫ్టు ఎక్కను. వంతెన మీదికి బస్సు వచ్చిందంటే అది దాటేదాకా కళ్లు తెరవను. అలాంటి నేను ఒంటరిగా కబడ్డీ ఫైనల్‌కు బయలుదేరానంటే, ముందురోజు మా వదిన నా ఫోనుకు పంపిన ఫొటోయే కారణం.

అది బెజవాడ పాత స్టేడియంలో తూర్పు గ్యాలరీ. మెట్ల అడుగున, నా చిటికెనవేలు పట్టేంత బీట. కింద వదిన రాసింది: "నువ్వొచ్చి చెబితేనన్నా మీ అన్నయ్య వింటారేమో." మా మోహనన్నయ్య నలభై ఏళ్లుగా ఆ గ్యాలరీలో తొమ్మిదో మెట్టు మీదే కూర్చుంటాడు.

కూర్చుంటే ఫరవాలేదు. అక్కడొక ఆనవాయితీ ఉంది. మన ఆటగాడు కూతకు వెళ్లి పాయింటు తెచ్చాడంటే అన్నయ్య మెడలోని ఎర్ర తువ్వాలు తీసి పైకెత్తుతాడు. గ్యాలరీ గ్యాలరీ అంతా కుడికాలితో మెట్టును మూడుసార్లు కొడుతుంది. ఆ చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది. పైజిల్లా జట్లు దానికే సగం ఓడిపోతాయని బెజవాడవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఫొటో చూసినప్పటినుంచీ నా చెవుల్లో ఆ మూడు దెబ్బలే.

తొమ్మిదింబావుకు పామర్రు, ఇంకాసేపటికి ఉయ్యూరు. అక్కడ డప్పుతో ఒక పెద్దాయన ఎక్కి ఎదురు వరసలో కూర్చున్నాడు. ఆయనదీ ఫైనల్ ప్రయాణమే. గ్యాలరీ పాడైందట కదా అని మెల్లిగా కదిపాను.

"ఎవరన్నారమ్మా? పాతకాలం సిమెంటండీ అది. మనం కూలాలిగానీ అది కూలదు" అన్నాడు.

ఆ మాటతో ఉన్న ధైర్యం కూడా పోయింది. కంకిపాడులో అమ్మకానికొచ్చిన జామకాయలు కొన్నాను గానీ ఒక్కటీ నోట పెట్టలేకపోయాను.

బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కుని, పదిన్నర దాటాక దిగి, ఆటోలో గవర్నరుపేట చేరాను. అన్నయ్యకు అక్కడ ఫొటో ఫ్రేముల షాపు. నేను వెళ్లేసరికి బల్లమీద గాజు కోస్తున్నాడు. జానెడు పొడవు, రెండు వేళ్ల వెడల్పు పట్టీ. దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏదో చిన్న ఫ్రేముకనుకున్నాను.

ఫొటో చూపించి నా భయమంతా వెళ్లగక్కాను. అన్నయ్య నవ్వాడు.

"ఇంజనీర్లు చూసే వెళ్లారే చిట్టీ. బీటకు అడ్డంగా గాజుపట్టీ అతికించారు. బీట కదిలిందంటే గాజు పగులుతుంది. పగిలితే చెప్పమన్నారు. పగల్లేదుగా మరి!"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇద్దరం పక్క హోటల్లో పెసరట్టు తిన్నాం. ఈ యాత్రలో నేను రుచి తెలిసి తిన్నది అదొక్కటే.

రెండున్నరకు స్టేడియంలో ఉన్నాం. గేటు దగ్గర తుప్పు, గోడల మీద నాచు. లోపలికి అడుగుపెట్టగానే అన్నయ్య నడకే మారిపోయింది. కనిపించిన ప్రతివాడూ "మోహన్‌గారూ, తువ్వాలు తెచ్చారా?" అని పలకరించడమే. వాచ్‌మన్ సాంబయ్య నన్ను మెట్ల కిందికి తీసుకెళ్లి గాజుపట్టీ చూపించాడు. ఎక్కడా గీత లేదు. రెండు చివర్లా పెట్టిన సిమెంటు మాత్రం ఇంకా నల్లగా, పచ్చిగా ఉంది. అదెందుకో అప్పుడు నాకు తట్టలేదు.

అన్నయ్య తొమ్మిదో మెట్టుకు వెళ్లాడు. నేను ఎదుటివైపు షామియానా కింద కుర్చీలో కూర్చున్నాను. మూడున్నరకు ఆట మొదలైంది. మనవాడు తొలి పాయింటు తేగానే ఎర్ర తువ్వాలు లేచింది. ధన్, ధన్, ధన్. నా కుర్చీ కూడా అదిరింది. ఒళ్లు పులకరించిన మాట నిజమే, దాచను. రెండోసారి కొట్టినప్పుడు మాత్రం గ్యాలరీ అడుగునుంచి పిండి జల్లెడ పట్టినట్టు తెల్లగా ఏదో రాలింది. చుట్టూ చూశాను. అందరూ ఆటనే చూస్తున్నారు.

ఎలా నడిచానో తెలియదు, మెట్ల కిందికి వెళ్లాను. గాజుపట్టీ నడిమికి పగిలి ఉంది. మూలన చీపురు పక్కన అదే వెడల్పు ముక్కలు ఇంకా కొన్ని పడున్నాయి.

"ఇవేంటి సాంబయ్యా?"

అతను తల దించుకున్నాడు. "పాతవమ్మా. ఇప్పుడు పగిలింది నాలుగోది, నిన్న రాత్రి పెట్టిందే. పగిలినప్పుడల్లా మీ అన్నయ్యగారే కోసుకొచ్చి అతికిస్తారు. ఆఫీసోళ్లకి తెలిస్తే మ్యాచ్‌లు ఆపేస్తారని..."

జేబులోకి వెళ్లిన పట్టీ గుర్తొచ్చింది. నెత్తిమీద వందలమంది అరుస్తున్నారు, వాళ్ల చెప్పుల గీకుడు కూడా వినిపిస్తోంది. అక్కడినుంచి పరుగెత్తి గేటు దాటిపోదామనిపించింది. సగం దూరం వెళ్లాను కూడా.

విరామం ఇచ్చారు. వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని తొమ్మిది మెట్లూ ఎక్కాను.

"పగిలింది" అన్నాను అన్నయ్య చెవిలో.

అతని ముఖం పాలిపోయింది. "ఎవరికీ చెప్పకు. ఈ సగం ఆటా గడవనీ. రేపు నేనే చెబుతాను."

"రేపటికి వీళ్లంతా ఉండొద్దూ?"

"ఒకసారి మూశారంటే మళ్లీ తెరవరే. పడగొట్టి కాంప్లెక్సు కడతారు. బెజవాడకు ఇంకేం మిగిలిందే?" తువ్వాలును గుప్పిట్లో నలిపేస్తున్నాడు. అన్నయ్య భయపడడం నేను పుట్టాక చూడలేదు.

"అయితే నేనూ ఇక్కడే కూర్చుంటాను."

"పిచ్చిదానా, కిందికి పో."

పోలేదు. అది ధైర్యమని ఎవరూ అనుకోవద్దు. అన్నయ్యను వదిలి దిగడానికి అంతకంటే భయమేసింది. అతని చొక్కా అంచు గుప్పిట్లో పట్టుకుని కూర్చున్నాను. మెట్టు చల్లగా ఉంది.

ఆట మళ్లీ మొదలైన రెండో నిమిషంలోనే మనవాడు కూతకు వెళ్లి, ఇద్దరిని ముట్టుకుని, గీత మీద వచ్చి పడ్డాడు. గ్యాలరీ అంతా కుడికాళ్లు లేపి తువ్వాలు కోసం చూసింది. నేను కళ్లు మూసుకున్నాను.

చప్పుడు రాలేదు. కళ్లు తెరిస్తే తువ్వాలు అన్నయ్య ఒళ్లోనే ఉంది. అతను ఆటను చూడడం లేదు. నన్ను చూస్తున్నాడు.

మరుక్షణం లేచి నిలబడ్డాడు. "కాళ్లు కొట్టకండి! దిగండి. కింది వరస ముందు, మెల్లిగా!"

"ఇదేంటి మోహన్‌గారూ, ఆట మధ్యలో?" అని డప్పు పెద్దాయన కేకేశాడు.

అన్నయ్య జేబులోంచి గాజుపట్టీ తీసి పైకెత్తాడు. "కింద గాజు పగిలిందండీ. ఇవాళ కాదు, నాలుగోసారి. కొత్తవి అతికించి మిమ్మల్ని మోసం చేసింది నేనే. దణ్ణం పెడతాను, దిగండి."

తోసుకుంటారేమోనని వణికిపోయాను. ఎవరూ తోసుకోలేదు. ఇన్నేళ్లూ అతని తువ్వాలుకు కాళ్లు కొట్టినవాళ్లు, ఇప్పుడు అతని చేయి చూసి ఒక్కో వరసా దిగారు. చివర మేమిద్దరం. నాలుగో మెట్టు మీద ఉండగా అడుగున ఎక్కడో కటుక్కుమంది. అన్నయ్య నా రెక్క పట్టుకుని మిగతా మూడూ దూకించాడు.

ఒక్క పాయింటుతో గెలిచాం. గ్యాలరీ జనమంతా బరి పక్కన నిలబడి అలవాటుగా మూడుసార్లు కాలు కొట్టారు. మట్టి మీద చప్పుడేం రాలేదు. గెలిపించినవాడు ఖాళీ మెట్లకేసి చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

అన్నయ్యే వెళ్లి ఆఫీసులో అంతా చెప్పాడు. అయిదున్నరకు తూర్పు గేటుకు తాళం పడింది. ఎవరో పెద్దగా తిట్టారు. ఆరుంబావు బస్సుకు నన్ను ఎక్కించి, కిటికీలోంచి పేపరు పొట్లం ఇచ్చాడు.

"ఇది నువ్వు పట్టుకుపో చిట్టీ. నా దగ్గరుంటే మళ్లీ వెళ్లి అతికిస్తాను."

బెజవాడ వెళ్లేవాళ్లు ఆ గ్యాలరీని ఇక వీధిలోంచే చూడాలి. చూడండి, నలభై ఏళ్ల అరుపులు మోసింది. నాకు మాత్రం దాని పేరెత్తితే ఇప్పటికీ అరికాళ్లు చల్లబడతాయి.

కంకిపాడు దాటాక రోడ్డు బాగోలేదు. గోతిలో పడ్డప్పుడల్లా బస్సు ధన్‌మంటోంది. ఒళ్లో పట్టీ పగిలినంత మాత్రాన ఎక్కడా ఏదీ కూలదని తెలుసు. అయినా బందరు వచ్చేదాకా దాన్ని రెండు చేతుల్తో పట్టుకునే కూర్చున్నాను.