ఖాదర్ సాబ్ రైఫిల్ మీది గుంత

రుద్రూర్ చెరుకు మీద, నా రంపం మీద, నా రెండు కళ్ల మీద ఒట్టు. ఇందులో ఒక్క మాట కూడా కల్పించింది కాదు. నన్నెరిగినవాళ్లు ఇప్పటికే నవ్వుతుంటారు, నవ్వనివ్వండి.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు. బోధన్‌లో లైసెన్సు తుపాకులు బాగుచేసే దుకాణం మాది. ఇనుప పని మా అన్నది, కర్ర పని నాది. చెరుకు కోతల రోజుల్లో ఖాదర్ సాబ్ వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, రుద్రూర్ దగ్గర చెరుకు తోట. చేతిలో తండ్రి నాటి సెమీ ఆటోమేటిక్ రైఫిల్. అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలి, తర్వాతది దానంతటదే ఎక్కుతుంది. తోటను పాడుచేస్తున్న అడవిపందిని కాల్చడానికి అనుమతి తెచ్చుకున్నాడు. ఆ పంది రోడ్డుకు అడ్డంగా నిలబడితే బోధన్ బస్సు పావుగంట ఆగింది. కండక్టర్ దిగి హారతి ఇచ్చాకే కదిలింది.

“భుజం ఆపరేషన్ అయింది మల్లేశం, చెయ్యి సాగుతలేదు. కుందా ఓ అంగుళం కొయ్యి. ఇంకేం ముట్టకు.”

“గంతేనా సాబ్? పెండ్లికొడుకును చేసి ఇస్త సూడు.”

“ముసలోని తుపాకికి పెండ్లేందిరా? కొయ్యి, చాలు.”

కుందా అంటే భుజానికి ఆనించే కర్రభాగం, ఇంగ్లిష్‌లో స్టాక్. దాని పొడవు, అంటే ‘లెంగ్త్ ఆఫ్ పుల్’, పట్టేవాడి చేతికి సరిపోవాలి. కొలిచాను, కోశాను, కుదిరింది. అక్కడితో ఆగితే అయిపోయేది. కానీ చెంప ఆనే చోట నున్నగా ఒక గుంత కనబడింది. మా పనిలో గుంత అంటే లోపం. కర్రపొడి జిగురులో కలిపి నింపాను, సాండ్ పేపర్‌తో రుద్దాను, అవిసె నూనె పట్టించాను. అందులో చూసుకుని మీసం దువ్వుకోవచ్చు.

మూడో రోజు ఖాదర్ సాబ్ వచ్చి, రైఫిల్ భుజానికెత్తి, చెంప ఆనించి కళ్లు మూసుకున్నాడు. చెంపను కొంచెం ముందుకు జరిపాడు, కొంచెం వెనక్కి. దేనికోసమో వెతుకుతున్నాడు.

“గుంత ఏడవోయింది?”

“నింపిన సాబ్. కొత్తదాని లెక్క లేదా?”

“అది మా అబ్బా చెంపతోని పడ్డ గుంత. ఆనిచ్చి ఆనిచ్చి అరిగింది. నా చెంప అండ్ల పెడితే ఆయన పక్కన ఉన్నట్టుండేది.”

“మల్ల చెక్కుత సాబ్, గిప్పుడే.”

“నువ్వు చెక్కితే అది నీ గుంత అయితది.”

నా ముఖం చూసి ఆయనే నవ్వాడు. చాయ్ తెప్పించాడు. “పోనియ్, మంచి చేద్దామనే చేసినవ్,” అని భుజం తట్టి వెళ్లాడు.

అప్పటినుంచి పాత తుపాకి ఏది వచ్చినా, రంపం తీయకముందే అడుగుతాను: ఈ అరుగుదల ఎవరిది?

ఇక ఒట్టు సంగతి. అందరూ పందినే అనుమానిస్తారు. హారతి తీసేస్తే పంది నిజం, బస్సూ నిజం. నేను కల్పించింది ఆ నవ్వు, ఆ చాయ్, ‘పోనియ్’ అన్న ఆ చివరి మాట. ఆయన రైఫిల్‌ను గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయాడు. లైసెన్సు గడువు తీరాక పొడిగించుకోలేదనీ, తుపాకిని పోలీస్ స్టేషన్‌లో అప్పగించేశాడనీ మా అన్న చెప్పాడు.

ఈ కథ ఎక్కడ చెప్పినా ఆయనతో ఆ చాయ్ తెప్పిస్తూనే ఉన్నాను.