కొట్టేసిన పేరు

తుఫాను ఉద్దానంలో కొబ్బరి చెట్లను కూల్చేసి అప్పటికి మూడేళ్లయింది. పలాసకు ఆటో దూరంలో ఉన్న ఒక తీర గ్రామంలో నేను ప్రాథమిక పాఠశాల టీచర్ని, దానితోపాటు బీఎల్వోని కూడా. బీఎల్వో అంటే బూత్ లెవెల్ ఆఫీసర్. పేరు ఘనంగానే ఉంటుంది గాని, ఓటర్ల జాబితా చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరగడమే ఉద్యోగం. నా జాబితా అంత శుభ్రంగా మండలంలో ఎవరిదీ ఉండదని నాకో గర్వం ఉండేది.

ఆ ఏడాది తనిఖీకి ఢిల్లేశ్వరరావు ఇంటికి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ తాళమే. చెట్లు పోయాక అతను గుజరాత్‌లో చేపల బోట్ల మీద పనికి వెళ్లాడు. భార్య దమయంతి పొద్దున్నే పలాస జీడి ఫ్యాక్టరీకి ఆటో ఎక్కుతుంది. నేను తీరిగ్గా పదింటికి వెళ్లేవాణ్ణి.

“ఆడు గుజరాత్ ఎల్లిపోనాడు, ఇంక రాడు,” అన్నాడు పక్కింటాయన.

నాకు అది చాలింది. పేరు పక్కన ‘ఎస్’ అని రాశాను. ఎస్ అంటే షిఫ్టెడ్, మకాం మార్చేశాడని. బతుకుతెరువుకి కొన్నాళ్లు ఊరు విడిచినవాడి ఓటు తీసేయకూడదని నాకు తెలుసు. తెలిసే రాశాను. అతని పేరున వచ్చిన నోటీసు తీసుకునేవాళ్లు లేక వెనక్కి పోయింది. తర్వాతి జాబితాలో అతను తొలగింపుల కింద చేరాడు.

ఆ తర్వాత రెండేళ్లకి, సముద్రంలో సరిహద్దు గీత దాటిందని అతను పనిచేస్తున్న బోటును పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. అతను జైల్లో పడ్డాడు. విడిపించాలంటే ముందు ఇతను మనవాడేనని మన ప్రభుత్వం తేల్చి చెప్పాలి. దాన్ని నేషనాలిటీ వెరిఫికేషన్ అంటారు. దానికోసం ఊళ్లోకి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. ఆధార్, రేషన్ కార్డు మనిషి ఇక్కడ ఉంటున్నాడని మాత్రమే చెబుతాయి, ఈ దేశపు పౌరుడని చెప్పవన్నాడు. ఇంట్లో పుట్టినవాడికి పుట్టిన సర్టిఫికెట్ ఎక్కడిది? ఓటరు కార్డు నంబరు కొట్టి చూస్తే రికార్డు లేదని వచ్చింది. జాబితాలో పేరు చూపించమని దమయంతికి చెప్పి వెళ్లాడు.

ఆమె పని మానుకుని బడికి వచ్చింది. జాబితా తిరగేస్తుంటే నేను రాసిన అక్షరం గుర్తుకొచ్చింది. పేరు తీయించింది నేనేనని చెప్పేశాను. తిడుతుందనుకున్నాను, తిట్టినా న్యాయమే. ఆమె ఆ కాగితం చూపించమంది. తొలగింపుల పేజీలో అతని పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, పక్కన ఎస్ ఉన్నాయి. ఆమె ఆ పేరు మీద వేలు పెట్టింది.

“కొట్టీసినా పేరుంది కదేటి మాస్టారూ. లేనోడి పేరు ఎవులు కొడతారు?”

ఈ దేశపు మనిషి కాకపోతే ఆ పేరు అసలు జాబితాలోకే ఎక్కదు. ఇన్నేళ్లు ఆ కాగితాలు మోసిన నాకు తట్టని మాట, కళ్లు ఎర్రబడి ఉన్న ఆ మనిషికి తట్టింది.

“కొట్టింది మీరే. ఎందుకు కొట్టారో మీరే రాసియ్యండి,” అంది. కోపంగా కాదు, చెయ్యాల్సిన పని చెప్పినట్టు అంది.

ఇంటివాళ్లతో మాట్లాడకుండా తప్పు రాశానని సంతకంతో రాసిచ్చాను. తాసీల్దారు ఆఫీసులో పాత జాబితాకీ తొలగింపుల పేజీకీ ముద్ర వేసి ఇచ్చేదాకా ఆమె కిటికీ దగ్గరే నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆ తర్వాత నాకు మెమో వచ్చింది. సంజాయిషీ ఇచ్చుకున్నాను. దక్కాల్సిందే దక్కింది.

ఆ కాగితాలతో అతను మనవాడేనని తేలింది. ఏడాది దాటాక విడుదలై పలాస స్టేషన్లో దిగాడు. వారం తిరక్కుండా ఇద్దరూ ఫారం సిక్స్ కోసం వచ్చారు, అంటే కొత్త ఓటరు దరఖాస్తు. నేను అడగక తప్పదు కాబట్టి కాగితాలు అడిగాను. పాకిస్తాన్‌లోని మన ఎంబసీవాళ్లు ఇచ్చిన, ఒక్క ప్రయాణానికే పనికొచ్చే పత్రం తీశాడు. మనిషి సగమైపోయాడు. పత్రం మీద మాత్రం భారతీయుడని స్పష్టంగా ఉంది. ఫారంలోని ‘నేను భారత పౌరుణ్ణి’ అన్న వాక్యం చదివి వినిపించాను. సంతకం చెయ్యబోతూ ఆగాడు.

“ఇంకేటైనా కాయితం కావాలా మాస్టారూ?”

నేను చెప్పేలోపే దమయంతి సంచిలోంచి ఆ తొలగింపుల పేజీ నకలు తీసింది. మడతలు చిరిగిపోయేంతగా నలిగి ఉంది.

“ఇది కూడా జత సెయ్యండి,” అంది.

ఫారానికి దాని అవసరం లేదు. అయినా పిన్ను పెట్టాను.

ఇప్పుడు ఏ ఇంటికి తాళం ఉన్నా, సాయంత్రం ఫ్యాక్టరీ ఆటోలు ఊళ్లోకి వచ్చాక మళ్లీ వెళతాను. ఇంటిమనిషి నోటితో వినందే ఏ పేరు పక్కనా అక్షరం రాయను. నా జాబితా ఇప్పుడు కొట్టివేతలతో, ప్రశ్నార్థకాలతో నిండి ఉంటుంది, పాత గర్వమూ లేదు. ఒక్క అక్షరంతో నేను ఊళ్లో లేకుండా చేసిన మనిషిని, ఆ అక్షరమే పట్టుకుని ఆమె ఇంటికి తెచ్చుకుంది.