రెండూ ఎడమ చేతులే

మా బావ దర్జీ. ఆయన మిషను తొక్కే వేగం చూసి గోడ గడియారం సిగ్గుతో తల దించుకునేది. నమ్మకపోతే మీ ఖర్మ, చూసినవాణ్ణి నేను. తొమ్మిదో తరగతిలో నేను చదువును వదిలేశాను. పాపం, చదువు ఇంకా కోలుకోలేదు. అప్పట్నుంచీ ఆయన కొట్లో గుండీలు కుడుతున్నాను. నా గుండీ ఊడాలంటే ముందు చొక్కా చిరగాలి.

బావకు కూర్చోవడమంటే మిషను ముందు కూర్చోవడమే. అన్నం తింటున్నా కాలు ఆడుతూనే ఉండేది. కునుకు తీయడం సోమరిపోతుల పని అనేవాడు. కళ్ళు మాత్రం చింతనిప్పుల్లా ఉండేవి.

ఒకసారి పాటల టీచరమ్మ, చనిపోయిన వాళ్ళమ్మ దాచుకున్న మఖమల్ గుడ్డ తెచ్చి కోటు కుట్టమంది. ఆవిడ మొదటిసారి వేదికెక్కి పాడబోతోంది. అలాంటి గుడ్డ ఇప్పుడు ఏ కొట్లోనూ లేదు. బావ మాత్రం బడిపిల్లల యూనిఫారాల హడావిడిలో సరిగా నిద్రపోక, ఆవిడ పాడే రోజుకి ముందురోజు మధ్యాహ్నం గుడ్డకు కత్తెర పెట్టాడు.

మఖమల్‌కు నునుపు ఒకవైపే. తిరగేసి కుడితే గుడ్డివాడికీ తెలిసిపోతుంది. ఆయన కత్తిరించి పరిచిన చేతులు చూశాను.

"బావా, ఈవిడకి రెండూ ఎడమ చేతులేనా?"

నవ్వుతాడనుకున్నాను. ఆయన ముఖంలో నెత్తుటి చుక్క లేదు. మిగిలిన ముక్క జేబుకు కూడా చాలదు. కత్తెర తీసి, కుడిచెయ్యి కోసం కోటు వీపు ముక్క మీదికే పోయాడు. సరిగ్గా అప్పుడే అక్క అన్నం క్యారియర్‌తో వచ్చింది. చూస్తూనే కత్తెర లాక్కుని, మిషను బెల్టు ఊడదీసి సంచిలో వేసుకుంది.

"తినండి. తిని పడుకోండి."

"రేపు సాయంత్రానికి కోటివ్వాలే. పడుకుంటే పరువు పోతుంది."

"మేలుకుని ఏం సాధించారు? ఆవిడకి కుడిచెయ్యి లేకుండా చేశారు."

"నీ తమ్ముడు చూస్తూ ఊరుకున్నాడు."

"వాడు చూశాడు కాబట్టే కుట్టకముందే తెలిసింది."

బట్టల మూటల మీద ఒరిగాడో లేదో, గురక మొదలైంది. దానికి షట్టరు గడగడలాడింది. వీధి చివర ఎవరో ఉరుములనుకుని ఆరేసిన బట్టలు లోపలికి తీసుకున్నారు.

ఎండ వాలాక లేచి ముఖం కడుక్కున్నాడు. బల్ల ముందు నిలబడి, ముక్కలన్నీ తాపీగా తడిమాడు.

"ఏరా, కోటు ముందు లోపలివైపు వేసే పట్టీలు వెడల్పుగానే ఉన్నాయి కదా?"

ఆ రెండు పట్టీలనూ కలిపి, అతుకు చంక కిందికి వచ్చేలా కుడిచెయ్యి కత్తిరించాడు. తప్పుగా కత్తిరించిన చేతిని చీల్చి, అతికి, పట్టీలుగా లోపలికి పంపాడు. అక్క సంచిలోంచి బెల్టు తీసి ఇచ్చింది.

"ఇది ఇందాకే ఎందుకు తట్టలేదంటావ్?" అన్నాడు నాతో.

"తట్టి ఉంటే నీ గురక వినే భాగ్యం ఈ వీధికి దక్కేదా బావా?"

మర్నాడు టీచరమ్మ చేతులెత్తి పాడుతుంటే జనమంతా పాట విన్నారు. మేం ముగ్గురం చంక చూశాం. అతుకు ఎక్కడా కనపడలేదు. ఆ తర్వాతే బావ వెనక్కి వాలి కూర్చున్నాడు.

ఇప్పుడు భోజనమయ్యాక మా కొట్టు షట్టరు సగం దిగుతుంది. బట్టలు కాస్త ఆలస్యమవుతాయి గాని, కుట్టింది విప్పే పని బాగా తగ్గింది. మొన్న ఒకాయన షట్టరు బాదాడు.

"దర్జీగారూ, ఉన్నారా?"

"నిద్రపోతున్నాను," అన్నాడు బావ లోపల్నుంచి.

"నిద్రపోయేవాళ్ళు మాట్లాడతారా?"

"మాట్లాడరు. మరి మీరెందుకు మాట్లాడిస్తారు?"

ఆయన కాసేపు గొణిగి, గుమ్మం పక్కన బెంచీ మీద కూలబడ్డాడు. తర్వాత నేను తొంగి చూస్తే ఆయనా నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.