కడిగిన రూపాయి

ఇప్పుడు నా ఇంట్లో నాతోపాటు ఉండేవాళ్లంతా ప్లాస్టిక్ పెట్టెల్లో ఉన్నారు. ఒక రాణి, ఆమె కొడుకు, ఆమె మనవడు, నిజాం కాలపు చార్మినార్లు కొన్ని. పొద్దున చాయ్ తాగేటప్పుడు వాళ్లను బల్ల మీద వరుసగా పెట్టుకుంటాను. ఎవరూ మాట్లాడరు. భివండిలోని ఈ నార్పోలిలో చుట్టూ మగ్గాల చప్పుడే కాబట్టి, మాట్లాడినా నాకు వినబడదు. అదొక సుఖం.

పాత నాణేల పిచ్చి లేనివాళ్లకు ఒక మాట చెప్పాలి. నాణేన్ని కంపెనీకి పంపితే వాళ్లు భూతద్దం కింద పెట్టి, అసలుదో నకిలీదో తేల్చి, డెబ్బైకి ఇన్ని అని మార్కులు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి తిరిగి పంపుతారు. ఆ మార్కులను బట్టే బజారులో దానికి మర్యాద. ఇలాంటి కంపెనీలు ఒకటి కాదు, ఒకదానికి ఒకటి పడదు. ఒకే రూపాయిని చూసి ఒకరు ఆహా అంటే ఇంకొకరు పెదవి విరుస్తారు, పిల్లను చూడవచ్చిన ఇద్దరు మేనత్తల్లాగా. మా వాట్సప్ గుంపులో ఈ కంపెనీ గొప్పా ఆ కంపెనీ గొప్పా అని పొద్దస్తమానం కొట్లాటే. ముఖాలు తెలియని మనుషులు ఒకరినొకరు తిట్టుకుంటూ ఉంటే నాకు కాలక్షేపంగా ఉంటుంది. అందులో ఎవరికీ నా పేరు తెలియదు. భివండి చార్మినార్ అంటారు, అంతే.

మార్కులు వేసేవాళ్లంటే నాకు మొదటినుంచీ పడదు. మగ్గాలు నడిపినన్నాళ్లూ నేను నేయించిన బట్టను సేఠ్ గోదాములో ఎవడో ఒకడు ట్యూబ్‌లైటు కింద పరిచేవాడు. చేత్తో ఒకసారి నిమిరి, ఇది ఫ్రెష్, ఇది సెకండ్ అని తేల్చి పడేసేవాడు. ఒక నూలుపోగు తప్పితే సెకండ్, ఒక నూనె మరక ఉంటే సెకండ్. వాడితో వాదించడానికే నేను కూడా బట్టను లైటుకు ఏటవాలుగా పట్టి చదవడం నేర్చుకున్నాను. పోగు ఎక్కడ తెగింది, ముడి ఎవరు వేశారు, చూసి చెప్పేవాణ్ని. అయినా వాడి మాటే నెగ్గేది.

మా ఆవిడ పోయి ఇది మూడో ఏడు. ఆమె చీరలను ఆనవాయితీ ప్రకారం అక్కచెల్లెళ్లు పంచుకున్నారు. గాజులు, గొలుసు మా బిడ్డ సూరత్‌లోని అత్తవారింటికి తీసుకుపోయింది, నేనే తీసుకుపొమ్మన్నాను. గోడ మీద ఫోటో ఉంది గాని, స్టూడియో వాడు ముఖం తెల్లగా చేసి, పెదవులకు రంగు పూసి, ఆమె ఎన్నడూ వేసుకోని ముత్యాల దండ మెడలో వేశాడు. ఆమెను చూద్దామని తలెత్తితే ఎవరో పరాయి మనిషి నవ్వుతూ ఉంటుంది. ఒళ్లు మండుతుంది. షెడ్డు కిరాయికి ఇచ్చాను. ఆమె కూర్చుని కండెలు చుట్టిన మూలలో ఇప్పుడు ఎవరివో నూలు మూటలు ఉన్నాయి. పెళ్లయి వచ్చిననాటి నుంచి ఈ ఊళ్లో ఆమె చేసిన చాకిరీకి ఎక్కడా ఒక ఆనవాలు లేదు. మనిషి పోయిన బాధ ఒక ఎత్తు, అసలు ఉందా అన్నట్టు పోవడం ఇంకో ఎత్తు.

మిగిలింది ఒక్క చార్మినార్ రూపాయి. పెళ్లిలో వాళ్ల అమ్మ ఒడిలో పోసిన వెండి రూపాయి. ఒక పక్క చార్మినార్, దాని ద్వారం నడుమ నిజాం పేరులోని ఒకే ఒక్క అక్షరం. ఏటా దీపావళికి లక్ష్మీపూజకు ముందు ఆమె దాన్ని కడిగేది. నానిన చింతపండులో చిటికెడు ముగ్గుపిండి కలిపి, చార్మినార్‌ను నిలువుగా పట్టి బొటనవేలితో రుద్ది రుద్ది తళతళలాడించి, పాలతో కడిగి, పసుపు కుంకుమ పెట్టేది. నల్లబడ్డ రూపాయిని లక్ష్మీదేవి ముందు పెట్టడమంటే చుట్టానికి ఎంగిలి పళ్లెంలో అన్నం పెట్టినట్టు అనేది. ఆమెది ఎడమచేతి వాటం. పూజ సామాను ఎడమచేత్తో ముట్టుకుంటుందని మా అమ్మ గొణిగేది.

"కుడి చెయ్యి దేవునికి, ఎడమ చెయ్యి పనికి అత్తమ్మా" అని నవ్వి ఊరుకునేది ఆమె. రుద్దడం మాత్రం ఎడమచేత్తోనే.

నాణేల్లో నాకు గురువు ఒకప్పుడు మాకు నూలు అమ్మిన దుకాణదారు. చుట్టరికం లేకున్నా బావా అంటే బావా అని పిలుచుకుంటాం. ఒంటరిగా ఉన్నానని మొదటి విక్టోరియా రూపాయిని నా చేతిలో పెట్టింది ఆయనే. నా దగ్గర ఉన్నవాటిలో ఆమె రూపాయికి మించింది లేదని నా నమ్మకం. దాన్ని గట్టి పేరున్న కంపెనీకి పంపాను. ముంబైలో ఫోర్టు దగ్గర దుకాణమున్న ఏజెంటు ద్వారా పోయింది, కొన్ని వారాలకు తిరిగి వచ్చింది. పెట్టె మీద నంబరు లేదు. అసలుదే, కానీ కడిగినది, కాబట్టి మార్కులు లేవు. అంతే రాశారు.

నాకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ సెకండ్ మాలే! బావకు ఫోన్ చేసి అరిచాను. "కడగకపోతే గా మురికితోని పూజ జేస్తరా? గీళ్లకు ఏం దెలుసు బావా?"

"గట్ల గాదు బావా. నాణేనికి రుద్దుడు పడది. కడిగితే మార్కులియ్యరు. గా రెండో కంపెనోళ్లు జర మెత్తగుంటరు, పెట్టె పలగ్గొట్టి ఆళ్లకు పంపు."

మగ్గాలు అమ్మినా వాటి పానాలు, పనిముట్లు అమ్మలేదు. ఆ పాత డబ్బాలోంచి పకడ్ తీసి పెట్టె అంచు విరిచాను. "కడిగినది" అన్న చీటీని చెత్తబుట్టలో పడేశాను. రూపాయి రెండో కంపెనీకి పోయింది, అరవై రెండు మార్కులతో వచ్చింది. గుంపులో ఫోటో పెడితే దండాలే దండాలు, పువ్వులే పువ్వులు. రెండో కంపెనీ వర్గం వాళ్లు నన్ను నెత్తిన పెట్టుకున్నారు. సంతోషం పట్టలేక మా బిడ్డకు ఫోన్ చేశాను.

"అచ్ఛా బాపూ, మంచిగయింది. పోరగాండ్లను ట్యూషన్‌కు ఇడువాలె, బాద్ మే చేస్త" అంది.

తర్వాత చేయలేదు. దాని సంసారం దానికి ఉంది, తప్పు పట్టను. కానీ ఆ సాయంత్రం ఇల్లు నన్ను చాలా బాధపెట్టింది. అరవై రెండును ఫోటో ఎదురుగా పెట్టి కూర్చున్నాను. ఫోటోలోని ఆ పరాయి మనిషికి చెప్పబుద్ధి కాలేదు.

మగ్గాలకు సెలవు రోజున బావ వచ్చాడు. చప్పుడు లేనప్పుడు నార్పోలిలో ఎవరు దగ్గినా వినబడుతుంది. ఆయన రూపాయిని కిటికీ వెలుతురుకు పట్టి, భూతద్దం పెట్టి, అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"నీ అదృష్టం మంచిగున్నది బావా. గీళ్ల కండ్లు ఎటు వోయినయో! ఇగో, రుద్దిన గీతలు ఎట్ల కొట్టొచ్చినట్టు కనబడుతున్నయో సూడు."

చూశాను. ఏటవాలుగా పట్టి చూస్తే చార్మినార్ పక్కన ఖాళీ జాగాలో సన్నని గీతలు, వెంట్రుకల కంటే సన్నం. బట్టలో నూలుపోగుల్లా ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకే వైపుకు వాలి ఉన్నాయి. బావ చాయ్ తాగి, ఎక్కడా నోరు జారకు అని చెప్పి వెళ్లిపోయాడు. నేను మాత్రం ఆ వాలు దగ్గరే ఆగిపోయాను. జీవితమంతా వాలు చూసి తప్పు పట్టినవాణ్ని, చూడకుండా ఉండలేను.

లేచి వంటింట్లోకి పోయి చింతపండు నానబెట్టాను. ముగ్గుపిండి డబ్బా ఇంకా ఆమె పెట్టిన చోటే ఉంది. ఒక స్టీలు గిన్నె బోర్లించి, దాని అడుగున కుడి బొటనవేలితో రుద్దాను. పట్టిన పట్టు తిప్పకుండా కడిగి కిటికీ దగ్గరికి తెచ్చి చూస్తే గీతలు ఇటు వాలాయి. రూపాయి మీదివి అటు వాలాయి. ఇంకో గిన్నె తీసుకున్నాను. ఈసారి ఎడమ బొటనవేలితో రుద్దాను. చేయి అలవాటు లేక వంకర్లు పోయింది, అయినా ఓపిక పట్టి రుద్దాను. కడిగి చూశాను. అచ్చం రూపాయి మీద ఉన్నట్టే వాలాయి.

వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చాను. ఆమె పోయిన రోజు చుట్టాల మధ్య అంత ఏడవలేదు. అప్పుడు నాకు ఒకటే తోచింది. మెచ్చుకుని మార్కులు వేసిన కంపెనీకి ఆమె కనబడలేదు. నేను తిట్టిపోసిన కంపెనీకి కనబడింది.

మర్నాడు పానాల డబ్బా మళ్లీ తీశాను. అరవై రెండు పెట్టె విరిచి, రూపాయిని దూదిలో చుట్టుకుని, బస్సు, ఆ తర్వాత రైలు పట్టుకుని ఫోర్టు దాకా నేనే పోయాను. మొదటి కంపెనీకే పంపమన్నాను. ఏజెంటు నన్ను ఎగాదిగా చూశాడు.

"అరే సేఠ్, లోగ్ నంబర్ బఢానే కే లియే తోడ్తే హై!" అన్నాడు. నంబరు పెంచుకోవడానికి పెట్టె పగలగొట్టేవాళ్లను చూశాడు గాని, ఉన్న నంబరు పోగొట్టుకోవడానికి వచ్చినవాణ్ని ఎక్కడా చూడలేదట. నా ఇష్టం అన్నాను. గుంపులో సంగతి చెబితే, భివండి చార్మినార్‌కు మతి పోయిందన్నారు. ఫోన్‌లోంచి గుంపు తీసేశాను.

దీపావళికి కాస్త ముందు రూపాయి తిరిగి వచ్చింది. చీటీ మీద మునుపటి మాటే ఉంది. పండుగనాడు దీపం పెట్టి, పళ్లెంలో ఆ పెట్టెను ఉంచి, ప్లాస్టిక్ మీదే పసుపు కుంకుమ అద్దాను. చింతపండు నానబెట్టలేదు. ఇక దాన్ని ఎవరూ రుద్దకూడదు.

పండుగ మిఠాయి తెచ్చిన బావ పళ్లెంలోకి వంగి చీటీ చదివాడు. "నంబర్ వాయె గద బావా" అన్నాడు, నా చేయి పట్టుకుని.

"పోతె పోనియ్యి బావా" అన్నాను. ఈ ఇంట్లో ఆమె చేతులు పనిచేశాయని, మొదటిసారే, నేను అడగకుండానే, రాసి ఇచ్చింది ఆ కంపెనీవాళ్లొక్కరే.