తెల్లోడిని లేపిన పాట

మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే, మంత్రగాడి దగ్గరికి బయలుదేరినవాళ్ళని ఆపి చోడవరం ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషిని నేను. ఆ విషయంలో అత్తగారితో కూడా పోట్లాడాను. దయ్యాలని అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నేళ్ళు వెనకాడాను. నలభై దాటాక వయోజనుల బడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. వర్ణించి రాయడం నాకు రాదు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాస్తాను.

ఇది తొంభైల చివర్లో జరిగింది. విశాఖపట్నంలో అప్పుడప్పుడే ఇంటర్నెట్ సెంటర్లు తెరుస్తున్న రోజులు. మాకు కొంచెం చెరకు తోట, ఒక బండి, ఒక జత ఎడ్లు ఉండేవి. తెల్లటివాణ్ణి తెల్లోడని, ఎర్రటివాణ్ణి పుల్లోడని పిలిచేవాళ్ళం.

చెరకు బళ్ళు తోలేవాళ్ళలో ఒక్కొక్కరికి ఒక్కో కూత ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీ బయట బళ్ళు బారులు తీరి ఉన్నప్పుడు ఎడ్లన్నీ పడుకుని నెమరేస్తుంటాయి. ఎవరి కూత వాళ్ళు వేస్తే వాళ్ళ ఎడ్లే లేస్తాయి. పక్క బండివి చెవి కూడా కదపవు. కాడి అలవాటు చేసిన మొదటి రోజు నుంచి ఆ కూత వాటి చెవిలో పడుతుంది మరి.

మా ఆయన నాలుకతో రెండుసార్లు టక్కుటక్కుమనిపించి, గొంతు అడుగు నుంచి ఒక మూలుగు సాగదీసేవాడు. ఆ వెనకే చిన్న దగ్గు. దగ్గు కూతలోది కాదు. చుట్టలు కాల్చే మనిషి కాబట్టి వచ్చేది.

ఆ ఏడు దీపావళి వెళ్ళాక ఆయన జ్వరంతో పోయాడు. దినాలు అయిన కొన్నాళ్ళకి తెల్లోడు పాకలో పడుకుని ఇక లేవలేదు. నలుగురు పట్టి నిలబెడితే నిలబడేవాడు, వదిలితే కూలబడేవాడు. పశువుల డాక్టరు ఒళ్ళంతా తడిమి చూసి రోగమేమీ లేదన్నాడు. మా ఆయన కూత తెలిసినవాళ్ళంతా వచ్చి కూశారు. నేనూ కూశాను. వాడు తల తిప్పలేదు.

ఇంతలో చెరకు నరికి తోలమని ఫ్యాక్టరీ నుంచి ఆర్డరు వచ్చింది. వాడు లేవకపోతే బండి కదలదు. నరికిన చెరకు ఎండిపోతుంది. ఈ ఒక్క ఏడు తోలలేకపోతే పొలం నా చేతిలో ఉండదని నాకు తెలుసు.

మా మరిది సన్యాసి చెడ్డవాడు కాదు. నా మీద జాలితోనే అన్నాడు.

"ఒదినా, ఈడింక లెగడు. రెండింటినీ సంతకి తోలేద్దాం. పొలం నాను సూసుకుంటాను. నువ్వు ఇంటికాడ కూకో."

"కూకోడానికి నాకేటి కాళ్ళు పడిపోనాయా? బండి నానే తోల్తాను," అన్నాను.

"ఎద్దులేని బండా?" అన్నాడు.

ఆ వారమే మా అమ్మాయి రత్నం విశాఖపట్నం నుంచి వచ్చింది. అక్కడ హాస్టల్లో ఉండి కంప్యూటర్ కోర్సు చదువుతూ, ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేది. తండ్రి పోయినప్పుడు అందరూ ఏడ్చారు గానీ అది ఏడవలేదు. ఈసారి స్నేహితురాలి టేప్ రికార్డరు అడిగి తెచ్చుకుంది. అందులో ఒక్కటే క్యాసెట్, క్యాసెట్లో ఒక్కటే పాట.

ఎక్కడో మంచు కురిసే దేశంలోవాళ్ళు పాడిందట. ఫోను తీగలోంచి చినుకు చినుకుగా కంప్యూటర్లోకి దిగిందట. దాన్ని రత్నమే క్యాసెట్‌కి ఎక్కించుకుంది. ఆ ఖాళీ క్యాసెట్ కొన్నది నేను. దినాలయ్యాక రత్నాన్ని బస్సెక్కించడానికి వెళ్ళి, అది అడిగితే, చోడవరం బస్టాండు దగ్గర కొనిచ్చాను. పైన పల్చటి కాగితం అతికించి ఉంది, ఎవరూ విప్పలేదు. అప్పటికి ఆయన లేడు. ఉన్నన్నాళ్ళూ ఆయన ఏ టేప్ రికార్డరు ముందూ మాట్లాడలేదు. మా ఇంట్లో అలాంటిది లేదు కూడా.

మధ్యాహ్నం పూట, పాక ముందు అరుగు మీద పెట్టి వినిపించింది. ముందు వయొలిన్లు. తర్వాత మగగొంతు. ఈనలేక అవస్థపడే గేదెలా ఉంది, టేపు పాడయిందేమో అనుకున్నాను. ఆ వెనక ఆడగొంతు ఎత్తుకుంది. సన్నగా, నూలు వడికినట్టు, ఎక్కడా తెగకుండా.

"ఏటే ఇది? పాటా, శోకమా?" అన్నాను.

"ప్రేమ పాటేనమ్మా. ఈ రకం పాటల్ని గోథిక్ మెటల్ అంటారు. ఆడు సచ్చిపోయేడు. ఆవిడ నది ఒడ్డున నిలబడి, నువ్వొస్తావా, నన్ను రమ్మంటావా, ఏదోటి సెప్పు అంటంది."

"బతికుండగా పలికినోడయితే కదా సచ్చేక పలకడానికి. అక్కడ మొగోళ్ళు కూడా మనోళ్ళ లాంటోళ్ళే అన్నమాట."

రత్నం నవ్వింది. తండ్రి పోయాక అదే మొదటిసారి. నేను కుడితి బకెట్టు పట్టుకుని పాకలోకి వెళ్ళాను.

పాట మధ్యలో ఒకచోట వాయిద్యాలన్నీ ఆగిపోయి ఒక్క వయొలిను మిగులుతుంది. అక్కడ వినిపించింది. టక్కు, టక్కు. గొంతు అడుగు నుంచి సాగిన మూలుగు. చిన్న దగ్గు.

నేను వెనక్కి తిరిగి గుమ్మంకేసి చూశాను. ఎవరూ లేరు. మళ్ళీ ఇటు తిరిగేసరికి తెల్లోడు వెనక కాళ్ళు ఎత్తాడు. ముందు కాళ్ళు తన్నిపెట్టి లేచాడు. లేచి, కాడి వేసుకోవడానికి వంచినట్టు మెడ వంచి నిలబడ్డాడు.

అరుగు మీద రత్నం నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఉంది. "అమ్మా, నాన్న దగ్గు," అంది. అప్పుడు ఏడ్చింది.

నాకు భయం వేయలేదు. భయపడటానికి తీరిక కూడా లేదు, నరకాల్సిన చెరకు తోటలోనే ఉంది. టేపు వెనక్కి తిప్పించాను. మళ్ళీ అక్కడే వచ్చింది. సన్యాసిని పిలిపించి వినిపించాను. అన్న గొంతు వాడికి తెలియనిది కాదు. విని, చెప్పులు వదిలేసి వెళ్ళిపోయాడు. సంత మాట మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు చెరకు కొట్టించి, బండి కట్టాను. టేప్ రికార్డరుని గోనెసంచిలో చుట్టి పక్కన పెట్టుకున్నాను. తెల్లోడు ఎక్కడ మొరాయించినా ఆ పాట పెట్టాను, కదిలాడు. ఫ్యాక్టరీ దగ్గర బళ్ళవాళ్ళు చుట్టూ మూగి ఆటపట్టించారు.

"ఏటప్పా, బండి కట్టేవా, పెళ్ళి ఊరేగింపు కట్టేవా? ఎద్దులకి ఇంగిలీసు కూడా వచ్చేసిందేటి?"

"మీ కబుర్ల కన్నా మా తెల్లోడికి ఇదే నయంగా ఉందంట," అన్నాను. ఆ కూత వాళ్ళలో ఇద్దరు ముగ్గురు గుర్తుపట్టారు. నవ్వడం మానేసి, ముందుకి పోనిమ్మని దారి ఇచ్చారు.

ఆ సీజను చెరకంతా నేనే తోలాను. ఆపైన ఎవరూ నన్ను ఇంటికాడ కూర్చోమనలేదు.

మరుసటి ఏడు రత్నం అదే పాటని వాళ్ళ కంప్యూటర్లోంచి ఇంకో క్యాసెట్‌కి ఎక్కించి తెచ్చింది. ఇంకా స్పష్టంగా ఉంది. మధ్యలో వయొలిను ఒక్కటే ఉన్న చోటు వచ్చింది, వెళ్ళింది. కూత లేదు, దగ్గు లేదు. తెల్లోడు తల ఎత్తలేదు. పాత క్యాసెట్ పెడితే లేచాడు. రత్నం సెంటర్లో పనిచేసేవాళ్ళందరినీ అడిగింది, ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. ముందే ఏదో ఎక్కించి ఉన్న టేపు మీద ఇంకోటి ఎక్కిస్తే పాతది అలా వినిపిస్తుందని ఒకాయన అన్నాడట. నేను కొనిచ్చింది ఎవరూ విప్పని క్యాసెట్, దాని మీద పాతది ఎక్కడినుంచి వస్తుంది?

ఆ ఎండాకాలం తెల్లోడు ముసలితనంతో పోయాడు. పొలం గట్టునే పాతిపెట్టించాం. మర్నాడు సాయంత్రం పాకలో ఒక్కదాన్నే కూర్చుని పాత క్యాసెట్ పెట్టుకున్నాను. పొరపాటు పడటానికి లేదు, నేను పెన్నుతో దాని మీద "ఏడుపు పాట" అని రాసుకున్నాను. మగగొంతు వచ్చింది. ఆవిడ ఒడ్డున నిలబడి అడగాల్సింది అడిగింది. వాయిద్యాలు ఆగాయి.

వయొలిను ఒక్కటే వినిపించింది. తిప్పి తిప్పి విన్నాను. కూత లేదు.

క్యాసెట్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ కూత అందులోకి ఎలా వచ్చిందో, ఎలా పోయిందో నాకు తెలియదు. తెలిసినవాళ్ళు ఎవరైనా చెబితే వింటాను. ఆ రోజు మాత్రం కొంతసేపు మనసు కష్టపెట్టుకున్నాను, పిలిస్తే ఎద్దునే పిలిచాడు గానీ నన్ను ఒక్కమాట పిలవలేదని. తర్వాత లేచి పుల్లోడికి మేత వేస్తుంటే అనిపించింది. పడుకున్నవాణ్ణి లేపాడు. నేను లేచే ఉన్నానని ఆయనకి తెలుసు.