పైడమ్మ ఎంచిన గది

మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు రోమ్ నగరంలో, అవెంటైన్ కొండ మీద, ఒక బసఇంటి తలుపు గంట నొక్కాను. చేతి గడియారం ఆగిపోయిందేమోనని అనుమానం వచ్చి, అంతకు ముందే దారిలో ఒక చర్చి గడియారంతో సరిచూసుకున్నాను. అందుకే సమయం అంత కచ్చితంగా గుర్తుంది.

నేను స్కూలు మాస్టర్ని. లెక్కలు, సైన్సు చెప్పేవాణ్ణి. మలయా దేశంలో, కెడా రాష్ట్రంలో, మా నాన్న గుమస్తాగా పనిచేసిన రబ్బరు తోటలో దయ్యాల కబుర్లకు లోటు ఉండేది కాదు. తెల్లవారకముందే చెట్లు గీయడానికి వెళ్ళేవాళ్ళు రోజుకొకటి చూసి వచ్చేవారు. ఆ మాటలు మొదలైతే నేను లేచి వెళ్ళిపోయేవాణ్ణి. దయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పైడమ్మ నా భార్య, మా మేనత్త కూతురు. తోటలోని స్కూల్లో తెలుగు చదువుకుంది. ఇంగ్లీషు పెళ్ళయ్యాక నేను నేర్పాను. రెండేళ్ళు తిరిగేసరికి నేను తెచ్చిన పుస్తకాలు నాకంటే ముందు పూర్తి చేసేది.

అవి మలయాలో బ్రిటిష్ వాళ్ళు ఎమర్జెన్సీ పెట్టిన రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్ల మీద సైన్యం. కూలీల ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె. సాయంత్రం ఆరు దాటాక ఎవరూ గడప దాటకూడదు. నేను సుంగై పెటాని పట్నంలో స్కూలు ముగించుకుని, ఆఖరి బస్సుకు తోటకు చేరేవాణ్ణి. తలుపు వేసుకున్నాక మాకు మిగిలింది లాంతరు, పుస్తకాలు.

ఊరు వదిలి వెళ్ళిపోతున్న ఒక దొర ఇంట్లో సామాను అమ్మితే, అందులో రోమ్ నగరం గురించి యాత్రికుల కోసం రాసిన పుస్తకం ఒకటి కొన్నాను. ముప్పై ఏళ్ళ నాటిది. మధ్యలో మడత పటాలు. పైడమ్మకు గుళ్ళూ కోటలూ పట్టలేదు. చివర్లో బసల జాబితా ఉంది. ఆమె అది చదివేది. ఎప్పటికైనా ఆ ఊరు వెళితే ఎక్కడ దిగాలి అన్నదే రోజూ మా సాయంకాలపు చర్చ.

స్టేషన్ దగ్గర వద్దంది, దొంగలుంటారని. నది ఒడ్డున వద్దంది. అక్కడ బావుంటుందట అని నేనంటే, ఎప్పుడూ పెనాంగ్ దాటని మనిషి, మా ఊరి నది సుంగై మూడాని తలుచుకుని జవాబు చెప్పింది.

"వానొస్తే ఇంట్లోకి నీరొచ్చేస్తాది బావా. మంచం మీద మంచం ఎక్కించుకుని కూకుంటావేటి?"

చివరికి కొండ మీది ఒక చిన్న బసఇల్లు ఎంచింది. పెరట్లో బావి ఉందని పుస్తకంలో ఒక ముక్క రాసి ఉంది. బావి ఉంటే స్నానానికి ఎవర్నీ అడుక్కోనక్కరలేదని ఆమె లెక్క.

ఒకసారి బస్సు తనిఖీలో ఆ పుస్తకం పట్టుబడింది. మడత పటం చూసి అది అడవి దారులదేమోనని కాపలా వాళ్ళు తీసుకుపోయారు. రెండు రోజులకు టీ మరకతో తిరిగి ఇచ్చారు. ఊరు చూడకుండానే మన రోముని జైల్లో ఎట్టేసినారు బావా అని పైడమ్మ చాలా రోజులు నవ్వింది.

తర్వాత నేను ఇంగ్లండులో ఉపాధ్యాయ శిక్షణకు ఎంపికయ్యాను. రెండేళ్ళు. అప్పటికే పైడమ్మకు పొడి దగ్గు ఉండేది. వెళ్ళనని అన్నాను. ఆ మాటకు ఆమెకు కోపం వచ్చింది.

"నాను సూస్తానో సూడనో. నువ్వెల్లు. వొచ్చినప్పుడు మాత్రం ఆ ఊల్లో దిగి రా. గది నాను మాటాడి ఎడతాను," అంది.

ఇక్కడ మావాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి. భార్య భర్త పేరు నోటితో చెప్పదు. పైడమ్మ రాసేది కూడా కాదు. అందుకని ఇంగ్లండు వెళ్ళాక అక్కడి నా చిరునామా టైపు చేసిన కవర్లు ఒక కట్ట పంపాను. రెండేళ్ళూ ఆ కవర్లలోనే ఉత్తరాలు వచ్చాయి. అన్నిటిలోనూ ఒంట్లో బాగానే ఉందనే రాసింది. రెండో ఏడు అక్షరాలు చిన్నవయ్యాయి. కాగితం పొదుపు చేస్తోందనుకున్నాను. ఆమె ఆస్పత్రిలో చేరిన సంగతి నాకు చెప్పవద్దని అత్త చేత ఒట్టు వేయించుకుందని తర్వాత తెలిసింది.

నా చదువు ముగిసే ముందు ఒక కవరులో ఇంకో ఉత్తరం పెట్టి పంపింది. రోమ్ బసఇంటావిడ జవాబు అది. ముప్పై ఏళ్ళ తర్వాతా ఆ ఇల్లు బసగానే ఉంది. మూడో అంతస్తులో ఏడో నంబరు గది, మూడు రోజులు, శ్రీమతి పైడమ్మ గారి కోసం అట్టే పెట్టామని రాసింది. నా భర్త వస్తాడని రాసి, ఆ భర్త పేరేమిటో పైడమ్మ రాయలేదు. వాళ్ళకు దొరికిన పేరు ఒక్కటే. గది ఆమె పేరు మీద పెట్టేశారు. ఒక కార్డు ముక్క రాస్తే సరిపోయేది. నేను సరిచేయలేదు. ఆ గది ఆమె పేరు మీద ఉండటం నాకు నచ్చింది.

చదువు అయిన వారానికే పెనాంగ్‌కు ఒక ఓడ ఉంది. దాన్ని వదులుకున్నాను. నెల తర్వాతి ఓడ నేపుల్స్‌లో ఆగుతుంది, అక్కడిదాకా రైల్లో వెళితే దారిలో రోమ్ చూడొచ్చు, గది తేదీలు కూడా వాటికే కుదిరాయి. మొదటి ఓడ ఎక్కి ఉంటే ఆమె ప్రాణంతో ఉండగానే ఇంటికి చేరేవాణ్ణి. ఈ ఒక్క విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు.

బసఇంటావిడ అరవై దాటిన విధవ. యుద్ధకాలంలో ఆ ఇంట్లో సిపాయిలు ఉండేవారట, వాళ్ళ దగ్గర కొంచెం ఇంగ్లీషు నేర్చుకుంది. నేను ఉత్తరం చూపించగానే తల ఊపింది.

"మీ ఆవిడ పొద్దున్నే వచ్చేసింది. పైనుంది," అంది.

నా భార్య మలయాలో ఉందని చెప్పాను. ఆవిడ రిజిస్టరు నా వైపు తిప్పింది. ఆవిడ చేతిరాతలోనే పైడమ్మ పేరు, వచ్చిన సమయం ఉదయం పది. భర్త పేరు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

"అడిగాను. చెప్పలేదు. నవ్వి తల దించుకుంది. మీరు వచ్చి చెబుతారన్నట్టు తలుపు వైపు చూపించింది," అంది.

మనిషి ఎలా ఉందని అడిగాను. చిన్న మనిషి, బాగా చిక్కిపోయి ఉంది, పొడుగాటి బట్ట చుట్టుకుంది అంది. పాస్‌పోర్టు అడిగితే దానికీ తలుపు వైపే చూపించిందట. ఆవిడకు వింతగా తోచింది ఇంకొకటి. గుమ్మంలోనే చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని మెట్లెక్కిందట.

నేను పరుగెత్తాను. విమానం ఎక్కి వచ్చిందనుకున్నాను. ఎలా వచ్చింది, ఎవరు పంపారు, ఏదీ ఆలోచించలేదు. ఆ మూడు అంతస్తులూ ఎక్కినంతసేపూ నేను సంతోషంగా ఉన్నాను. అంత సంతోషం నాకు ముందు లేదు, తర్వాత లేదు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఎవరూ లేరు. ఇనుప మంచం, కుర్చీ, నీళ్ళ కూజా. కిటికీ తెరిచి ఉంది, అందులోంచి పెరట్లో బావి కనిపించింది. దుప్పటి నలగలేదు. తలగడ మాత్రం మంచానికి కాళ్ళ వైపు ఉంది.

వెనకే వచ్చిన ఆవిడ అది చూసి పనిమనిషిని పిలిచి కోప్పడింది. పొద్దున తాను తలగడ గోడ వైపే పెట్టానని ఆ పిల్ల ఒట్టు పెట్టుకుంది. సాయంత్రం ఎండ ఎటు నుంచి వచ్చిందో చూసి దిక్కులు పోల్చుకున్నాను. ఆ గోడ ఉత్తరం. మావాళ్ళు ఎవరూ ఉత్తరానికి తల పెట్టి పడుకోరు.

ఆవిడ చుట్టుపక్కల విచారించింది. బయటికి వెళ్ళడం ఎవరూ చూడలేదు. అయితే పెరటి తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. ఆ మాట కూడా దాచకుండా చెబుతున్నాను. ఎవరో ఇంకొక భారతీయురాలు ఇల్లు పొరబడి వచ్చి, తెలుసుకుని వెళ్ళిపోయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. రిజిస్టరు గడిలో నా పేరు రాశాను. ఆ సాయంత్రమే పైడమ్మకు పెద్ద ఉత్తరం రాశాను, నీ గదిలోకి నీకంటే ముందు ఇంకెవరో దూరారని, వేళాకోళంగా. మూడు రాత్రులూ తలగడ ఉన్నచోటే ఉంచి పడుకున్నాను.

నేపుల్స్‌లో ఓడ కంపెనీ ఆఫీసులో టెలిగ్రాం ఇచ్చారు. ఇంగ్లండు వెళ్ళి, అక్కడి నుంచి తిరిగి వచ్చిన టెలిగ్రాం. పైడమ్మ పోయింది. నేను ఆ బసఇంటి గంట నొక్కిన రోజే.

పెనాంగ్ రేవులో దిగేసరికి దినాలు అయిపోయాయి. దారి పొడుగునా ఊళ్ళు మెర్దేకాకు, మలయా స్వాతంత్ర్య దినానికి, ముస్తాబవుతున్నాయి. స్వాతంత్ర్యం నాటికి వచ్చేయాలని పైడమ్మ నాతో మాట తీసుకుంది. ఆ మాట వరకు నిలబెట్టుకున్నాను. ఇంట్లో నా రోమ్ ఉత్తరం నాకంటే ముందే వచ్చి ఉంది. అత్త దాన్ని విప్పలేదు. ఆవిడకు చదువు రాదు, ఇంకొకరి చేత చదివించుకోవడం ఇష్టం లేకపోయింది.

ఆ ఆఖరి రోజు సంగతి నేను అడగకుండానే అత్త చెప్పింది. నర్సును ఇక్కడ మిస్సీ అంటారు.

"నాలుగు గంటలకి ఆస్పత్రి లోపలికి ఇడిసినారు నాయినా. వొంటి మీద సెయ్యేస్తే నిప్పు. మంచం తిప్పమంది. ఉత్తరం తల ఎట్టి పడుకోనమ్మా అంది. నాను మిస్సీని అడిగినాను. అన్ని మంచాలూ ఒక్క వరస, ఒకటి తిప్పితే ఎలాగ అంది. దాని తప్పు కాదు."

అత్త మళ్ళీ అందుకుంది.

"అప్పుడేటందో తెలుసా? పోన్లే అమ్మా, నాను అక్కడ తిప్పుకుంటాను అంది. ఎక్కడే అన్నాను. కళ్ళు మూసుకుంది. అరగంట లేదు."

అక్కడ అంటే పైలోకం అనుకుంది అత్త. అప్పటికి రోమ్‌లో జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. ఉత్తరం విప్పలేదని చెప్పాను కదా. అయినా రెండుసార్లు అడిగాను, ఆ మాట సరిగ్గా అదేనా అని. అదే అంది. మూడోసారి అడిగితే ఏడ్చింది. ఇంక అడగలేదు.

పైడమ్మ పోయింది సాయంత్రం నాలుగున్నరకు. మాకూ రోమ్‌కూ గడియారాల్లో ఆరున్నర గంటల తేడా. అక్కడ అప్పుడు ఉదయం పది.

దీన్ని నేను చాలా విధాలుగా విప్పి చూశాను. భర్త పేరు చెప్పని ఆడవాళ్ళు మావాళ్ళలోనే కాదు, చాలామంది ఉన్నారు. చెప్పులు గుమ్మంలో విప్పేవాళ్ళు లక్షల మంది. బసఇంటావిడ సమయం ఉజ్జాయింపుగా రాసి ఉండొచ్చు. పనిమనిషి భయపడి అబద్ధం ఆడి ఉండొచ్చు. ఒక్కొక్కటే తీసుకుంటే దేనికైనా కారణం చెప్పగలను. అన్నీ కలిపి పెడితే చెప్పలేను.

ఆమె వచ్చిందని నమ్మితే, నా కోసం చూడకుండా ఎందుకు వెళ్ళిపోయిందన్న ప్రశ్న వస్తుంది. అయిదు గంటల ఇరవై నిమిషాలు తక్కువ కాదు. రాలేదని నమ్మితే, ఆమెకు ఆ ఊళ్ళో ఒక్క పూట కూడా దక్కలేదన్నమాట. రెండూ నాకు భరించగలిగినవి కావు.

మెర్దేకా అయిన మరుసటి ఏడు బసఇంటావిడకు జరిగిందంతా రాశాను. నమ్మమని అడగలేదు. ఆ తేదీకి ఏడో నంబరు గది పైడమ్మ పేరు మీద ఒక్క రోజు అట్టే పెట్టమని మాత్రం అడిగాను. ఆవిడ ఒప్పుకుంది. తలగడ దక్షిణం వైపే పెట్టిస్తానని తనే రాసింది. తర్వాత ప్రతి ఏడూ నేను రాసేవాణ్ణి, గది సిద్ధంగా ఉంచామని జవాబు వచ్చేది. ఎవరైనా వచ్చారా అని నేను ఎప్పుడూ అడగలేదు, ఆవిడా ఎప్పుడూ చెప్పలేదు.

ఒక ఏడు ఆవిడ తమ్ముడి కొడుకు జవాబు రాశాడు. ఆవిడ కాలం చేసింది. ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు అందులో కాపురం ఉంటున్నారు. ఆ గది ఇప్పుడు ఎవరి కోసమూ ఖాళీగా ఉంచడం లేదు.